పదిహేనేళ్లు చూడకుండా చెప్పిన నానాఘాట్

"సార్, మీరెప్పుడన్న చూసిన్రా?"

కరీంనగర్‌లో గ్రూప్స్‌కి, కానిస్టేబుల్ పరీక్షలకు చదివే పిల్లలకు నేను తెలంగాణ చరిత్ర చెబుతాను. పదిహేనేళ్లుగా ఇదే పని. శాతవాహనుల పాఠం మొదలుపెట్టగానే నా నోట్లోంచి బిట్లు వాటంతటవే రాలతాయి. నానాఘాట్ శాసనం ఎవరిది? నాగానికది. ఆమె భర్త? మొదటి శాతకర్ణి. భాష? ప్రాకృతం. లిపి? బ్రాహ్మీ. ఎక్కడుంది? మహారాష్ట్ర, పుణె జిల్లా, జున్నర్ దగ్గర. అక్కడ ఆపి నీళ్లు తాగుతుంటే వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి ఆ మాట అడిగింది. ఎగతాళి ఏం లేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. "లేదమ్మా" అన్నాను. క్లాసు అయిపోయాక కూడా ఆ ప్రశ్న చెప్పులో రాయిలా గుచ్చుతూనే ఉంది.

కోటిలింగాల అయితే ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. జగిత్యాల జిల్లాలో గోదావరి ఒడ్డున ఉన్న మట్టికోట దిబ్బ అది. ఎల్లంపల్లి ప్రాజెక్టు వెనక నీళ్లలో కొంత మునిగింది, మిగిలినదాని మీద పొలాలు, కోటేశ్వరస్వామి గుడి. అక్కడ దొరికిన నాణేల మీద గోభద, నారన, కంవాయ, సమగోప అనే రాజుల పేర్లతో పాటు ఛిముక సాతవాహనుడి పేరు కూడా ఉంది. సిముకుడు, శ్రీముఖుడు అని పుస్తకాల్లో కనిపించేది ఈయనే అని మా జిల్లా వాళ్లం గట్టిగా నమ్ముతాం. పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. మేం మాత్రం "శాతవాహనులు మావాళ్లే" అని ఎప్పుడో తీర్పు చెప్పేసుకున్నాం. అదే సిముకుడి పేరు నానాఘాట్ గుహలో రాతి మీద ఉందని పిల్లలకు చెబుతున్నాను, కానీ చూడలేదు.

దసరా సెలవులకు బయలుదేరాను. నాకు వసతి కూడా సిద్ధంగా ఉంది. మా బావమరిది భివండిలో ఉంటాడు. సిరిసిల్ల వైపు పద్మశాలి ఇళ్లలో భివండిలో ఒక చుట్టమైనా లేని ఇల్లు వెతకాలి. మా నాన్న కూడా పెళ్లికి ముందు కొన్నేళ్లు అక్కడ సాంచాలు (మరమగ్గాలు) నడిపాడు. కొన్నాళ్లకు నాలుగు పాత సాంచాలు కొనుక్కుని, లారీకెత్తి, ఆ లారీలోనే కూర్చుని సిరిసిల్ల వచ్చేశాడు. "మాల్షేజ్ ఘాట్ల బ్రేకులు పట్టలేదురా, డ్రైవరు హనుమంతుని పేరు తలుసుకుంట గేరు మీదనే బండిని ఎల్లదీసిండు" అని చనిపోయే వరకు చెప్పేవాడు. చిన్నప్పుడు మాల్షేజ్ అంటే అదేదో రాక్షసి పేరనుకునేవాణ్ణి.

మ్యాపు ముందేసుకుని కూర్చున్న రోజే ఒక సంగతి బయటపడింది. 61వ నంబరు జాతీయ రహదారి నిర్మల్ నుంచి భైంసా, భోకర్, నాందేడ్, పర్భణీ, అహ్మద్‌నగర్ (ఇప్పుడు అహిల్యానగర్) మీదుగా పోయి, మాల్షేజ్ ఘాట్ దిగి, ముర్బాడ్, కళ్యాణ్ దాటి భివండి చేరుతుంది. నానాఘాట్ కనుమ ఎక్కే కాలిబాట సరిగ్గా ఆ రోడ్డు పక్కనే మొదలవుతుంది. అంటే మా నాన్న లారీ ఆ కొండ కిందుగానే పోయింది! పదిహేనేళ్లు పాఠం చెప్పినవాడికి ఈ ముక్క తెలియకపోవడం సిగ్గుచేటే.

రైలులోనే వెళ్లాను. కరీంనగర్ నుంచి ముంబై లోకమాన్య తిలక్ టెర్మినస్‌కు వారానికొక్కసారి రైలుంది. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, ఆర్మూర్ దాటి నిజామాబాద్ పోతుంది. బోగీలో సగంమంది బొంబాయి బతుకు వాళ్లే. సద్ది మూటలు, పచ్చడి డబ్బాలు, ఒకామె ఒళ్లో తంగేడు పూల సంచి. అక్కడ దొరకవట, బతుకమ్మకని మోసుకుపోతోంది. బాసర దగ్గర గోదావరి వంతెన మీద అందరూ రూపాయి బిళ్లలు విసిరారు, నేనూ విసిరాను. తర్వాత పడుకున్నాను, లేచేసరికి నాసిక్ దాటింది. ప్రయాణం గురించి ఇంతకంటే చెప్పడానికేం లేదు.

భివండి పద్మానగర్‌లో దిగితే సిరిసిల్లలో దిగినట్టే ఉంటుంది. బోర్డుల మీద తెలుగు, గల్లీలో బతుకమ్మ పాట, అన్నిటికంటే పైన సాంచాల చప్పుడు. మా బావమరిదికి నేను వచ్చినందుకు సంతోషమే కానీ, వచ్చిన పనే అర్థం కాలేదు. "గుహ సూడనీకె అచ్చినవా బావా? గుట్టలు కరీంనగర్ల లేవా?" అన్నాడు. పగలంతా సాంచాల మీద నిలబడే మనిషి, అడగడంలో తప్పులేదు. తను రాలేనని డిగ్రీ చదివే కొడుకును తోడిచ్చి పంపాడు. వాడు అక్కడే పుట్టి పెరిగాడు. నాతో తెలుగు, ఫోన్లో మరాఠీ, ఆటోవాడితో హిందీ.

పొద్దున్నే కళ్యాణ్ వెళ్లి, ఆళేఫాటా వైపు పోయే ఎస్టీ బస్సు, అంటే మహారాష్ట్ర సర్కారు బస్సెక్కాం. కళ్యాణ్ ఇప్పుడు లోకల్ రైళ్ల తొక్కిసలాటకు పేరుమోసిన ఊరు గానీ రెండువేల ఏళ్ల కింద అది రేవు. గ్రీకు నావికుడొకడు మొదటి శతాబ్దంలో రాసిపెట్టిన 'పెరిప్లస్'లో కల్లియెనా అని ఉన్నది ఈ ఊరే. అదే పుస్తకంలో పైఠణ్ (శాతవాహనుల రాజధాని ప్రతిష్ఠానం), తగర అనే ఊళ్ల ముచ్చట కూడా ఉంది. తగర అంటే ఇప్పటి ధారాశివ్ జిల్లాలోని తేర్. అక్కడి నుంచి సన్నబట్ట, ముతకబట్ట బండ్ల మీద రేవులకు పోయేవని రాశాడు. ఈ మాట చెబితే మా అల్లుడు కిటికీలోంచి తల తిప్పి, "అంటే అప్పుడు కూడా బట్టలేనా మామా?" అన్నాడు. ఎందుకో వాడి గొంతులో కొంచెం నిరుత్సాహం వినిపించింది. వాడికి ఈ సాంచాల నుంచి బయటపడాలని ఉంది.

ముర్బాడ్ దాటాక వైశాఖరే అనే ఊరి దగ్గర దిగాం. రోడ్డు పక్కనే బోర్డుంది: నాణేఘాట్. మనం నానాఘాట్ అని రాస్తాం, పరీక్షలో కూడా అలాగే వస్తుంది. అక్కడివాళ్లు నాణేఘాట్ అంటారు. నాణే అంటే మరాఠీలోనూ నాణెమే. పక్కన ముక్కులా పొడుచుకొచ్చిన పెద్ద శిఖరానికి 'నానాచా అంగఠా', అంటే నానా బొటనవేలు అని పేరు. కింద నుంచి చూస్తే అది వేలులా కాదు, ఎక్కొద్దురా అని చెప్పే చెయ్యిలా కనిపించింది.

మొదటి గంట హాయిగా సాగింది. వాన వెలిసిన అడవి, రెండు మూడు చిన్న వాగులు, మోకాలెత్తు గడ్డి. ఆ తర్వాత ఎక్కుడు మొదలైంది. నా వయసు నలభై తొమ్మిది, రోజంతా బోర్డు ముందు నిలబడే కాళ్లు. వందడుగులకొకసారి ఆగుతున్నాను. రెండు లీటర్ల సీసా సగం దారిలోనే అయిపోయింది. మా అల్లుడు తన సీసా నాకిచ్చి ముందు నడిచాడు. కాసేపటికి ఒక పచ్చబండ మీద జారి కూర్చున్నాను. దెబ్బేమీ లేదు, ప్యాంటు మాత్రం మోకాలి దగ్గర చిరిగింది. కళ్యాణ్ కాలేజీ పిల్లలు ఒక పదిమంది నన్ను దాటుతూ "కాకా, హళూ హళూ" అన్నారు. మెల్లగా, మెల్లగా అని.

మా వైపు గుట్టలకూ వీటికీ పోలికే లేదు. ఎల్గందల్ గుట్టలాంటివి గ్రానైటు. గుండ్రంగా, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటాయి. ఇక్కడంతా నల్లరాయి, లావా పొరలు పొరలుగా పారి గడ్డకట్టింది. కొండను అడ్డంగా కోసిన రొట్టెలాగా చూడొచ్చు. ఆఖరి అరగంట ఎక్కుడులో ఆ నల్లరాతిలోనే మెట్లు తొలిచి ఉన్నాయి. కొన్ని అరిగి గిన్నెల్లా గుంటలు పడ్డాయి. ఎడ్లు, గాడిదలు, మనుషులు, రెండువేల ఏళ్ల వానలు. ఇందులో దేని వాటా ఎంతో చెప్పలేం. దారి పక్కన అక్కడక్కడ రాతిలో తొలిచిన నీటి తొట్టెలున్నాయి, నీళ్లతోనే ఉన్నాయి. మా అల్లుడు తాగబోతే వద్దన్నాను. కానీ చెంబుడు నెత్తిన పోసుకున్నాను. ప్రాణం లేచొచ్చింది.

ఘాట్ నెత్తికి కొంచెం కింద, దారికి పక్కనే గుహ. నేనేదో అజంతా లాంటిది ఊహించుకున్నాను. ఇది ఒక పెద్ద గది, అంతే. చదునైన కప్పు, గోడల వెంట కూర్చోడానికి రాతి అరుగు. కాలేజీ పిల్లలు అప్పటికే అరుగుల మీద కాళ్లు చాపుకుని వడాపావ్ తింటున్నారు. వాళ్లను చూసి మొదట చిరాకు పడ్డాను. తర్వాత అనిపించింది, ఈ గది తొలిచింది ఇందుకే కదా! ఎక్కి అలసినవాడు కూర్చుని ఇంత తినడానికి. రాణి శాసనం వాళ్ల కళ్ల ముందుండాలనే గోడ మీద రాయించింది.

ఎడమ గోడ మీద పది వరుసలు, కుడి గోడ మీద పది వరుసలు. ఫొటోల్లో సుద్ద పూసినట్టు తెల్లగా కనిపించే అక్షరాలు ఇక్కడ రాతిలో కలిసిపోయి ఉన్నాయి. ఫోన్ టార్చి పక్క నుంచి వాలుగా కొడితే గానీ లేవలేదు. బ్రాహ్మీ అక్షరాలు నాకు కొంచెం పరిచయం. 'క' మన కూడిక గుర్తులా ఉంటుంది, అది వెతుక్కుంటూ పోతే మిగిలినవి దొరుకుతాయి. ధర్మానికి, ఇంద్రుడికి, సంకర్షణ వాసుదేవులకు, చంద్రసూర్యులకు, నలుగురు లోకపాలకులకు నమస్కారంతో మొదలవుతుంది. తర్వాత నాగానిక తన గురించి చెప్పించుకున్న మాటలున్నాయి. నెలల తరబడి ఉపవాసాలుండి, ఇంట్లోనే తాపసిలా బతికిందట. ఆపైన యజ్ఞాలు, దక్షిణలు. ఆవులు 1,700, ఏనుగులు 10. ఇంకోచోట కార్షాపణాలు అనే నాణేలు 24,400.

ఈ అంకెల దగ్గర నేను చాలాసేపు నిలబడ్డాను. క్లాసులో "భారతదేశంలో అంకెల తొలి ఆనవాళ్లలో ఒకటి" అని ఒక ముక్కలో చెప్పి దాటేస్తాను. ఎదురుగా నిలబడితే వేరేగా ఉంది. సున్నా లేదు, ఒకట్లు పదుల స్థానాలు లేవు. వెయ్యికి ఒక గుర్తు, నూరుకు ఒక గుర్తు, వాటికి చిన్న కొక్కెం తగిలించి ఎన్ని వేలో ఎన్ని వందలో చెప్పారు. చదువురాని కిరాణా సేటు గోడ మీద గీతలు పెట్టి లెక్క రాసుకునే పద్ధతికి ఇది మరీ దూరమేం కాదు. యజ్ఞాల గురించి చెప్పే శాసనమే కావచ్చు, నాకు మాత్రం అది ఖాతా పుస్తకంలా కనిపించింది. పోతున్న వ్యాపారులందరికీ తెలిసిన భాష అదే కదా, లెక్క.

ఇక వెనక గోడ. అక్కడ ఒకప్పుడు నిలువెత్తు విగ్రహాలు ఎనిమిది ఉండేవి. ఇప్పుడు ఒక్కటీ లేదు. పైన పేర్లున్నాయి, కింద అక్కడక్కడ పాదాల ఆనవాళ్లున్నాయి. మధ్యలో ఖాళీ రాయి. రాణి నాగానిక, శాతకర్ణి, కుమార భాయ, మహారఠి త్రణకయిర, కుమార హకుసిరి, కుమార సాతవాహన. అందరికంటే ముందు, ఆ వరుసలో మొదటిది: "రాయా సిముక సాతవాహనో సిరిమాతో". వేలు పెట్టి తాకలేదు, అంగుళం దూరంలో ఆపాను. ము, క. కూడిక గుర్తు కనిపించగానే ఒళ్లు జలదరించింది. గోదావరి ఒడ్డున మట్టిలో దొరికిన కాసు మీది పేరు, పడమటి కొండ అంచున ఈ రాతి మీద. ఇద్దరూ ఒకరేనా కాదా అన్నది పండితులు తేల్చుకోనీ. ఆ పూట నాకు అనుమానం లేదు.

పక్కనున్న కుర్రాడొకడు మా అల్లుణ్ణి ఏ ఊరని అడిగాడు. తెలంగాణ అనగానే, "మా పైఠణ్ రాజులను చూడ్డానికి అంత దూరం నుంచి వచ్చారా!" అని నిజంగా సంతోషపడ్డాడు. నా నోటి దాకా కోటిలింగాల వచ్చింది. గోభద నుంచి మొదలుపెట్టి అరగంట చెప్పగలను. వాడు వడాపావ్ చేతికిచ్చాడు. తిన్నాను.

గుహ దాటి ఇంకొంచెం ఎక్కితే రెండు కొండల మధ్య ఇరుకు సందు, దాంట్లోంచి బయటపడగానే ఒక్కసారిగా మైదానం. ఎక్కింది ఒక కొండను కాదు, దక్కన్ పీఠభూమి గట్టును! వెనక్కి తిరిగితే కొంకణ్ అంతా అగాధంలో పరుచుకుని ఉంది. ముందుకు చూస్తే ఘాట్‌ఘర్ పొలాలు, జీవ్‌ధన్ కోట, గట్టు నిండా సోన్‌కీ అనే పసుప్పచ్చ పూలు. రైల్లో ఆ తంగేడు సంచి ఆమె గుర్తొచ్చింది. ఇవి చూసి ఉంటే అంత దూరం మోసేది కాదు. కొంచెం ఇటు పడ్డ వాన కుకడీ నదిలో చేరి, ఘోడ్, భీమల మీదుగా కృష్ణలో కలిసి మన తెలంగాణలోకి వస్తుంది. కొంచెం అటు పడితే అరేబియా సముద్రమే. ముసురు రోజుల్లో కింద నుంచి కొట్టే గాలికి జలపాతం నీళ్లు తిరిగి పైకే ఎగురుతాయట. మేం వెళ్లేసరికి ధార సన్నబడింది.

సందు దాటిన చోటే ఆ ప్రసిద్ధమైన రాతి బాన ఉంది. ఒకే రాతిలో తొలిచింది, నా నడుం ఎత్తు దాటుతుంది. వచ్చే పోయే వర్తకులు సుంకం నాణేలు దీంట్లో వేసేవారని, ఘాట్‌కు ఆ పేరు అందుకే వచ్చిందని చెబుతారు. నేనూ క్లాసులో అదే చెబుతాను. తొంగి చూస్తే అడుగున వాన నీళ్లు, రెండు చిప్స్ కవర్లు. నలుగురూ నడిచే బాట పక్కన మూతలేని బానలో రాజు డబ్బు వదిలేసేవాడా అని ఒక అనుమానం వచ్చింది. కానీ ఎండ, ఆకలి, దిగాల్సిన దారి. ఫొటో తీసుకుని వదిలేశాను.

దిగడం ఎక్కడం కంటే కష్టం. మోకాళ్లు వణికాయి. రోడ్డు చేరేసరికి చీకటి పడుతోంది, వచ్చిన రెండు బస్సులూ ఆగలేదు. చివరికి నారాయణ్‌గావ్ నుంచి టమాటాలతో మాల్షేజ్ దిగొచ్చిన టెంపో ఒకటి ఆపాడు. మనిషికి వంద అన్నాడు, బేరమాడే ఓపిక లేదు. నోట్లు తీసుకుని స్టీరింగు పక్కన ప్లాస్టిక్ డబ్బాలో పడేశాడు. మా అల్లుడు నా వైపు చూసి నవ్వాడు. టమాటా బుట్టల మధ్య కూర్చుని మా నాన్న లారీ పోయిన రోడ్డు మీదే, ఆయన వచ్చిన దిక్కుకు ఎదురుగా, కళ్యాణ్ చేరాను.

ఇంటికొచ్చాక మా ఆవిడ ఫోన్లో ఫొటోలు చూసింది. శాసనం ఫొటోలు ఇరవైకి పైగా ఉన్నాయి, అవన్నీ వేలితో గబగబా నెట్టేసింది. రాతి బాన దగ్గర ఆగింది.

"ఇదేంది, ఇంత పెద్ద రంజన్?"

మరాఠీవాళ్లూ దాన్ని రాంజణే అంటారు. నేనా మాట వందసార్లు చదివాను గానీ, ఎండాకాలం మా వాకిట్లో ఇసుక మీద పెట్టే రంజనూ అదీ ఒకటే మాటని తట్టలేదు. సుంకం కథ చెప్పాను. ఆమె నా చిరిగిన ప్యాంటు కుట్టుకుంటూ వింది.

"అంత గుట్ట ఎక్కొచ్చినోనికి ముందుగాల నీళ్లియ్యకుండ పైసలెట్ల అడుగుతరు?"

అప్పుడు గుర్తొచ్చింది. ఆ ఘాట్ నీటి తొట్టెల మీద కూడా చిన్న శాసనాలున్నాయి. ఒకదాని మీద సోపారాకు చెందిన గోవిందదాసు ఇచ్చిన దానం అని ఉంది. దానంగా ఇచ్చింది నీళ్ల తొట్టే. అది నాకు తెలుసు, పుస్తకంలో పెన్సిల్‌తో గీత కూడా పెట్టుకున్నాను. ఏ పరీక్షలోనూ రాలేదు కాబట్టి క్లాసులో ఎన్నడూ చెప్పలేదు.

సెలవులయ్యాక శాతవాహనుల పాఠం మళ్లీ వచ్చింది. ఆ అమ్మాయి అదే వెనక బెంచీలో ఉంది. సుంకం బాన దగ్గరకొచ్చేసరికి, "అందులో సుంకం వేసేవాళ్లని అంటారు. నీళ్ల రంజనని మా ఇంట్లో అంటారు" అన్నాను.

"ఆప్షన్‌ల రెండూ ఇస్తే ఏది పెట్టాలె సార్?" అంది.

"సుంకం పెట్టు" అన్నాను.